ఊళ్లో ఎన్ని పొయ్యిలు ఆరుతాయి?

క్యాటరింగు పెట్టుకుంటామని ఈ మధ్య కుర్రకారు నా దగ్గరికి వస్తున్నారు. కూర్చోగానే ఫోను చేతిలోకి తీసుకుని అడిగేది ఒకటే: వెయ్యిమందికి బియ్యం ఎంత, పప్పు ఎంత, నూనె ఎంత? ఆ లెక్క ఏ కిరాణా కొట్టువాడైనా చెబుతాడు. దానికి నా దాకా రానక్కర్లేదు. ఆ వెయ్యిమంది ఎవరు, అందులో నిజంగా వచ్చేదెందరు, వచ్చినవాళ్లు ఎంత ఆకలితో వస్తారు? మా పనంతా ఇందులోనే ఉంది. ఈ మూడూ ఎవరూ అడగరు. అడగనిదాన్ని చెబితే వినరు కూడా, అందుకే రాసి పెడుతున్నాను.

మాది కొత్తవలస దగ్గర ఒక పల్లె. వయసంతా గాడిపొయ్యిల ముందే గడిచిపోయింది. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా నేను గరిటె పట్టని ఊరు తక్కువ. ఇప్పుడు మోకాళ్లు వంగవు. కళ్లు ఊరికే నీళ్లు కారుతుంటాయి. పొయ్యి పొగ మానేసి ఇన్నాళ్లయినా దగ్గు నన్ను మానలేదు. నేను వండిన పెళ్లిళ్లలో బాగా జరిగినవి నాకు పెద్దగా గుర్తులేవు. బాగా జరిగిన పెళ్లిలో వంటవాణ్ణి ఎవరూ తలుచుకోరు, వంటవాడూ ఆ పెళ్లిని తలుచుకోడు. మిగిలేవి మిగతావి. అవే చెబుతాను.

పిలుపులో ఉంది లెక్క

నాకు పని నేర్పినవాడు సత్యం మేస్త్రి. మనిషి పొట్టి, నోరు పెద్దది. గరిటె కాడతో వీపు మీద వేసేవాడు. మంచివాడని చెప్పను గానీ, ఆయన లెక్క తప్పడం నేను చూడలేదు.

శుభలేఖలు ఎన్ని కొట్టించారని ఆయన అడిగేవాడు కాదు. పిలుపులకి తిరిగొచ్చినవాళ్లని కూర్చోబెట్టి, ఏ గుమ్మం ముందు ఏ మాట అన్నారో చెప్పించుకునేవాడు. మా పక్క పిలుపు రెండు రకాలు. "ఇంటికొకరు రండి" అనడం ఒకటి. "ఆ పూట మీ ఇంట్లో పొయ్యి ఎలిగించొద్దు" అనడం ఇంకొకటి. రెండోదాన్ని పొయ్యి పిలుపు అంటాం. ఆ మాట అన్నామంటే ఊయల్లో పిల్ల దగ్గర్నుంచి మంచం దిగలేని ముసలాయన దాకా ఆ ఇంటి తిండి మనదే. ఆ రోజు వాళ్లింటికి చుట్టాలొస్తే వాళ్ల తిండీ మనదే. రానివాళ్లకి క్యారేజీ కట్టి పంపాలి.

పిలిచినంత మాత్రాన వస్తారని లేదు కదా. అందుకని పెళ్లినాడు పొద్దున్న సత్యం మేస్త్రి ఏ మేడ మీదకో, గడ్డివామి మీదకో ఎక్కి ఊరి కప్పుల వైపు చూసేవాడు. ఏ ఇంటి మీద పొగ లేస్తే ఆ ఇల్లు రానట్టు.

"సూడ్రా, ఆ మూల వరసగా పొగెడతన్నాది. ఆలు రారు. ఏదో మాట తేడా వొచ్చుంటాది. ఎసరు తగ్గించీ" అనేవాడు.

తర్వాత ఇంటింటికీ గ్యాసొచ్చింది. పొగ పోయింది, ఆయనా పోయాడు. నేను మేస్త్రినయ్యే సరికి కప్పుల మీద చూడ్డానికి ఏమీ మిగల్లేదు. కొన్నాళ్లు గుడ్డిగా వండాను. ఒకనాడు పెళ్లివారి వీధిలో టీ తాగుతుంటే పక్కింట్లో కుక్కరు విజిల్ వేసింది. పెళ్లిపూట వీళ్లు కుక్కరు ఎందుకు పెట్టారా అనుకున్నాను. మధ్యాహ్నం చూస్తే ఆ ఇంటివాళ్లు ఒక్కరూ రాలేదు. అప్పట్నుంచి పెళ్లినాడు పొద్దున్న, టిఫిన్ల హడావిడి తగ్గాక, ఊరి వీధుల్లో చేతులు వెనక్కి కట్టుకుని ఒకసారి నడిచి రావడం అలవాటు చేసుకున్నాను. మేస్త్రి షికారుకి వెళ్లాడని జనం నవ్వేవారు. నవ్వనీ. ఆ నడక నాకు చాలా బస్తాలు మిగిల్చింది.

సత్యం మేస్త్రి దగ్గర నేర్చుకున్నవి ఇంకో రెండున్నాయి. ఎసరు ఎంతైనా మరిగించు, బియ్యం మాత్రం విడతలుగా పొయ్యి. బస్తాలో ఉన్నంతకాలం అది బియ్యమే, రేపటికీ పనికొస్తుంది. ఉడికిందా, వైశాఖం ఎండల్లో సాయంత్రానికి పులుస్తుంది. ఇక రెండోది: వంట ఎలా ఉందని ఎవర్నీ అడక్కు, మొదటి బంతి లేవగానే ఎంగిలాకుల గుట్ట దగ్గరికి వెళ్లు. మనుషులు మొహమాటానికి అబద్ధం చెబుతారు గానీ ఆకులు చెప్పవు.

ఖర్చు తక్కువైనప్పుడు

చేతిలో డబ్బు తక్కువగా ఉన్న ఇంటివాళ్లు ముందు అన్నంలో కోత పెట్టమంటారు. పెట్టకండి. రకాలు తగ్గించండి. పనీరు ముక్కలు తేలుతున్న నీళ్లకూర కంటే చిక్కటి గుమ్మడికాయ దప్పళం గౌరవం. మామిడి కాలంలో మామిడికాయ పప్పుని మించింది లేదు. శ్రీకాకుళం వైపు పెళ్లయితే ఉద్దానం పనసకాయ ఉండనే ఉంది, బాగా వండితే మాంసం తిన్నంత తృప్తిగా లేస్తారు. ఏ కాలంలో ఏది చవకో ఆ కాలంలో అదే రుచి. మన పెద్దలు తెలివితక్కువవాళ్లు కారు.

కూరలో కారం గుప్పించి జనం తక్కువ తినేలా చేసే మేస్త్రులున్నారు. ఆకలి మీదున్నవాడికి ముందే రెండు బూరెలు పడేసి కడుపు మూసేసేవాళ్లున్నారు. ఆ విద్య నాకూ తెలుసు. నన్ను అడగొద్దు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. నేను చూసినంతలో కడబంతిలో కూర్చునేది సన్నాయివాళ్లు, ఆకులెత్తేవాళ్లు, పొద్దున్నుంచి నడుం వాల్చని పెళ్లికూతురి మేనత్తలు. వాళ్లకి వడ్డించేవాడు ఎవడూ చుట్టం కాడు. మన లెక్క తప్పితే శిక్ష పడేది వాళ్లకే, పెళ్లిపెద్దకి కాదు. అందుకని కూర దించగానే కడబంతికి సరిపడా వేరే గిన్నెలో తీసి మూత పెట్టి దాని మీద నా తువ్వాలు వేసేవాణ్ణి. ఎవరొచ్చి అడిగినా ఇచ్చేవాణ్ణి కాదు. ఓసారి పెళ్లికొడుకు బావగారికి కూడా లేదు పొమ్మన్నాను. దానికి ఆయన పెట్టిన కేకలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

లెక్క సులువుగా తేలేవి క్రైస్తవుల ఇళ్లలో పెళ్లిళ్లు. మిషను గుడి ఉన్న ఊళ్లో సంఘపెద్దని అడిగితే ఎవరికి జ్వరమో, ఎవరు ఊళ్లో లేరో వేళ్ల మీద చెప్పేస్తాడు. అక్కడ నాకున్న ఇబ్బందల్లా ప్రార్థన. బిర్యానీ మూత తీశాక పాస్టరుగారు కళ్లు మూసుకున్నారంటే మరి ఎప్పుడు తెరుస్తారో దేవుడికే తెలియాలి.

ఇప్పుడంతా బఫే. విజయనగరంలో ఒక ఫంక్షన్ హాల్లో కాంట్రాక్టరుగారింటి పెళ్లికి మమ్మల్ని ఒక మూల అన్నం, పప్పుల దగ్గర నిలబెట్టారు. మిగతాదంతా సిటీ నుంచి వచ్చినవాళ్లది. రకాలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. జనం ప్లేటు నిండా అన్నీ వేసుకుని, నిలబడి సగం తిని, తొట్టెలో పడేసి పోతున్నారు. తొట్టెలు నిండి బయటికి పొర్లుతున్నాయి. పెళ్లికూతురి తండ్రి ఎక్కడో స్టేజి మీద ఫోటోల్లో ఉన్నాడు. ఇంకొంచెం వేసుకోమని ఒక్కరైనా ఒక్కరితో అనగా వినలేదు. తిండికి కొరత లేదు, నాకు మాత్రం ఆకలి చచ్చిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకున్నాను.

గౌరమ్మ పెళ్లిపిలుపు

ఇక గౌరమ్మ సంగతి. ఇది చెప్పడానికే కాగితం ముందు కూర్చున్నాను.

నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో కూలికెళ్లే మనిషి. భర్త ఉప్పు లారీ మీంచి పడి పోయాడు. అప్పటికి చంకలో ఒక్కతే కూతురు. ఆ పిల్లకి పెళ్లి కుదిరింది. ఎవరో చెబితే నన్ను పిలిపించింది. ఇంటి ముందు పీట వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అరుగు మీద కూర్చుంది. ఉప్పునీళ్లలో నాని నాని కాళ్ల చర్మం పగిలిపోయి ఉంది.

ఎందరిని పిలుస్తావమ్మా అన్నాను.

"ఈదంతా మేస్త్రిబాబూ. పొయ్యి పిలుపే."

ఆమె చేతిలో ఉన్న డబ్బు ఎంతో అప్పటికే చెప్పింది. అది వీధిలో సగానికి కూడా చాలదు. "ఇంటికొకరిని పిలు సాలమ్మా. ఎవులూ ఏటీ అనుకోరు. నీ సంగతి అందరికీ తెలిసిందే" అన్నాను.

ఆమె వీధి చివరి దాకా ఒకసారి చూసింది.

"ఈ ఈదిలో ఏ పొయ్యి మీదదీ నానూ నా గుంటా తినకుండా నేదు బాబూ. ఆడు సచ్చిపోయిన ఏడు ఒకలు గంజి పోసినారు, ఒకలు కూరెట్టినారు. నాను మడుల్లోకి ఎల్లిపోతే గుంటని పిలిసి సద్దెట్టీవోరు. ఆలు ఎట్టినపుడు, నీకెడతాం గానీ నీ గుంటకెట్టం అన్నారేటి? మరి ఇంటికొకరు రండని సెప్పీడానికి నాకు నోరెలగొస్తాది?"

టీ గ్లాసు పక్కన పెట్టాను.

"ఒక్క పూట. ఈ పొయ్యిలన్నీ ఒక్క పూట ఆరాల. అందరూ నా ఇంటికాడ కడుపు నిండా తినాల. అది సూసీసినానంటే నాకింకేటీ వొద్దు."

ఇలాంటి మాట విన్నాక నాలాంటివాడు చేయగలిగిందల్లా రకాలు తగ్గించడమే. అన్నం, మామిడికాయ పప్పు, పనసకాయ కూర, గుమ్మడికాయ దప్పళం, బూరెలు, మజ్జిగ. అప్పడాలు కూడా కొట్టేశాను. మజ్జిగలో అల్లం, కరివేపాకు బాగా వేద్దాం, పెరుగు గుర్తు రాదు అన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది. పనసకాయలు ఉద్దానంలో నాకు తెలిసినవాళ్ల తోట నుంచి తెప్పించాను. గుమ్మడికాయలు ఆమెతో మడుల్లో పనిచేసేవాళ్లు తలో ఒకటి తెచ్చి పడేశారు. బియ్యం మాత్రం తనే కొంది. ఎవరు ఇస్తామన్నా ఒప్పుకోలేదు. ఊరికి పెట్టే అన్నం ఊరి దగ్గర తీసుకుంటే మళ్లీ మొదటికే కదా అంది.

పిలుపులకి ఆమే వెళ్లింది. కొత్త చీర కట్టుకుని, బొట్టు పెట్టడానికి ఆడపడుచుని వెంటబెట్టుకుని, గుమ్మం గుమ్మానా ఆగి, "మీ ఇంట్లో పొయ్యి ఎలిగించీకండి" అని చెప్పి వచ్చింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మొహం చూసి తీరాలని ఆడపడుచు నాతో అంది.

విజిల్స్

పెళ్లినాడు పొద్దున్న మొదటి విడత అన్నం వార్చి, పప్పు దించి, నా అలవాటు ప్రకారం వీధిలోకి నడిచాను. మొదటి రెండిళ్లూ నిశ్శబ్దంగా ఉన్నాయి. మూడో ఇంట్లో కుక్కరు విజిల్ వేసింది. ఎవరో పసిపిల్లకి పప్పన్నం పెడుతున్నారులే అనుకున్నాను. ఎదురింట్లో ఇంకొకటి. ఆ పక్కింట్లో పోపు చిటపటలాడుతోంది, ఇంగువ వాసన. వీధి చివరి దాకా వెళ్లాను. ఇల్లిల్లూ వండుకుంటోంది.

నా అనుభవంలో దానికి ఒకటే అర్థం. వాళ్లు రారు. గొడవేమిటో నాకు తెలియదు, కులంలో మాటేదైనా వచ్చిందేమో, వరుడి తరపువాళ్లు నచ్చలేదేమో. వెనక్కి వచ్చి చూస్తే రెండో విడతకి ఎసరు తెర్లుతోంది. నా మనుషులు బియ్యం కొలిచి తట్టల్లో పెట్టుకుని నా వైపు చూస్తున్నారు. ఆగమన్నాను.

గౌరమ్మని దొడ్డివైపుకి పిలిచి సంగతి చెప్పాను. అలాంటి మాట చెప్పడం కంటే గరిటెతో దెబ్బలు తినడం మేలు.

ఆమె నమ్మలేదు. "పిల్లలకేటైనా ఒండుకుంతన్నారేమో" అంది. ఏ ఇల్లు, ఏ ఇల్లు అని అడిగింది. చెప్పాను. ఒక్కో పేరుకీ ఆమె మొహంలో రక్తం దిగిపోవడం చూశాను.

"ఈ బియ్యం ఆపీద్దామమ్మా. రేపు కొట్లో తిరిగిచ్చీవొచ్చు. మగపెళ్లివారికి మొదటి విడతే సాలు" అన్నాను.

ఎసరు వైపు తిరిగింది.

"బియ్యం పోసీ బాబూ. పిలిసిన నోటితో తక్కువ ఒండమని నాను సెప్పలేను."

వృత్తిపరంగా అది తప్పు. మీలో ఎవరైనా ఆ తప్పు చేస్తే నేను తిడతాను. అయినా ఆ రోజు తట్టలు నేనే అందుకుని బియ్యం ఎసట్లో పోశాను. మళ్లీ అలాంటి రోజొస్తే మళ్లీ పోస్తాను.

మంగళసూత్రం పడింది. మగపెళ్లివారు తిని లేచారు, బాగా తిన్నారు, పనసకాయ కూర మళ్లీ మళ్లీ అడిగారు. తర్వాత నేను అనుకోనిది జరిగింది. వీధి వీధంతా కదిలి వచ్చింది. మగవాళ్లు ఉతికిన బట్టల్లో, ఆడవాళ్లు పట్టుచీరల్లో, పిల్లలు, కర్రలూతుకుంటూ ముసలివాళ్లు. ఎవరూ మిగల్లేదు. అందరూ పిల్ల తల మీద అక్షింతలు వేశారు, తలో వస్తువూ చదివించారు. పందిరి కింద వరసల్లో కూర్చున్నారు. నా చెవులు నన్ను మోసం చేశాయి, ఇంత వయసొచ్చినా నాకు బుద్ధి లేదు అనుకున్నాను. అంత సంతోషంగా ఎప్పుడూ తిట్టుకోలేదు నన్ను నేను.

గౌరమ్మ కళ్లు తుడుచుకుని బూరెల తట్ట తనే ఎత్తుకుంది.

వడ్డన మొదలైంది. మొదటి ఆకు దగ్గర అన్నం గరిటె వంచబోతే ఆకు మీద చెయ్యి అడ్డం వచ్చింది. "సాలు సాలు, కొంచెం." రెండో ఆకు దగ్గరా చెయ్యి. మూడో దగ్గరా. వరస వరసంతా ఆకుల మీద చేతులు. పప్పు వేలితో నాకి ఎంత బాగుందో అన్నారు. దప్పళం ఒక ముక్క నోట్లో వేసుకుని మేస్త్రిని మెచ్చుకున్నారు. గౌరమ్మ తట్టతో ఒక్కో ఆకు ముందూ వంగి, "ఒక్క బూరె, నా మీద ఒట్టు" అంటోంది. తుంచి సగం పెట్టించుకుంటున్నారు. బంతి లేవడానికి ఎప్పుడూ పట్టే సమయంలో సగం కూడా పట్టలేదు.

ఎంగిలాకుల దగ్గరికి వెళ్లాను. ఒద్దికగా మడిచి పెట్టి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే బరువే లేదు.

నేను అక్కడ నిలబడి ఉండగానే సూరమ్మ వచ్చింది. గౌరమ్మకి పక్కిల్లు, వరసకి పిన్ని. నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట తాగే మనిషి, ఆ వీధిలో గౌరమ్మకి మొట్టమొదట గంజి పోసింది ఆవిడే. చేతులు కడుక్కుంటూ నాతో గర్వంగా అంది:

"నానే సెప్పినాను మేస్త్రీ అందరికీ. అది ఆశకొద్దీ ఈదంతా పిలిసీసినాది, పాపం దానికి తూగుతాదేటి? అందరూ ఇంటికాడ ఇంత తినీసి రండి, ఆకు ముందు కూకుని ముట్టినట్టు సేసీసి లేసిపోదాం అన్నాను. ఒక్కలు కాదనలేదు. దానికి బరువవకూడదు కదా, మా తల్లి."

అంటూ వెనక్కి తిరిగింది. గౌరమ్మ అక్కడే ఉంది, ఇంకో తట్ట బూరెల కోసం వచ్చి. అంతా విన్నది. సూరమ్మ నవ్వుతూ ఆమె గడ్డం పట్టుకుంది. గౌరమ్మ ఖాళీ చేతులు కొంగుకి తుడుచుకుంది. ఆ వీధి మీద నాకు కోపం తెచ్చుకోవాలని ఉంది, ఎవరి మీద తెచ్చుకోను? అందరూ మంచివాళ్లే. అంతమంది మంచివాళ్లు కలిసి ఒక మనిషిని అంత బాధపెట్టడం నేను మళ్లీ చూడలేదు.

మధ్యాహ్నం తిరిగేసరికి పందిరి ఖాళీ అయింది. చాప మీద పోసిన అన్నం రాశి పెద్దగా కరగనే లేదు. మగపెళ్లివారికి బూరెలు కట్టిచ్చాం. ఉప్పు మడుల్లో ఉన్న కూలీలకి కూరలు, కొంత అన్నం పంపాం. ఎండకి మిగతా అన్నం అప్పటికే పులుపు వాసన వేస్తోంది. గేదెలకి పోయక తప్పలేదు. గౌరమ్మ మా గుండిగలు మాతో పాటు కూర్చుని తోమింది, వద్దన్నా వినలేదు. తోముతూ తోముతూ, నా వైపు చూడకుండా అంది:

"నాకు పెట్టడం ఈదికి సేతనవుతాది బాబూ. నా కాడ తినడమే సేతకాదు."

వెళ్లేటప్పుడు నా కూలి లెక్కకట్టి చేతిలో పెట్టింది. కొంత వెనక్కి ఇవ్వబోయాను. నా మొహంలోకి చూసింది.

"నువ్వు కూడానేటి మేస్త్రిబాబూ?"

మొత్తం జేబులో పెట్టుకున్నాను.

అదే వీధి, ఇంకో పెళ్లి

తర్వాత కొన్నేళ్లకి సూరమ్మ మనవడి పెళ్లికి నన్నే పిలిచారు. నా ఆఖరి పెళ్లిళ్లలో అదొకటి. అప్పటికే నేను పీట మీద కూర్చుని చెబుతుంటే మావాళ్లు వండేవారు. వాళ్లకి డబ్బుకి లోటు లేదు, మనవడు విశాఖపట్నంలో ఉద్యోగం. వీధంతా పొయ్యి పిలుపు. పొద్దున్న వీధిలో నడిచి వచ్చాను, కర్ర పట్టుకుని. ఒక్క విజిల్ లేదు.

గౌరమ్మ ఇంటి ముందు ఆగాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఏ అలికిడీ లేదు. వస్తుందో రాదో తెలియలేదు.

వచ్చింది. బాగా వంగిపోయింది, జుట్టు తెల్లబడింది. మొదటి బంతిలో, మొదటి ఆకు ముందు కూర్చుంది. నన్ను చూసి, వరసంతా వినేలా అంది:

"పొద్దున్నుంచి పొయ్యి ఎలిగించనేదు మేస్త్రిబాబూ. నిన్న రాత్రి కూడా సరిగ్గా తిననేదు. కడుపు నిండా ఎట్టించు."

పక్కవాళ్లు తలలు దించుకున్నారు. నేను లేచి అన్నం గిన్నె నేనే తీసుకున్నాను, చాలా రోజుల తర్వాత. పప్పుతో తింది. మళ్లీ అన్నం వేయించుకుంది. కూర అడిగి వేయించుకుంది. దప్పళంలో మళ్లీ అన్నం. తొందర లేదు, సిగ్గు లేదు, ఒక్కో ముద్దా శ్రద్ధగా కలుపుకుని తింటోంది. చుట్టుపక్కల అందరూ తినడం ఆపి చూస్తున్నారని తెలుసు. అయినా తల ఎత్తలేదు.

సూరమ్మ బూరెల తట్టతో వచ్చింది. గౌరమ్మ ఆకు ముందుకి వచ్చేసరికి ఆగిపోయింది. ఆ రోజు తను చేసిందేమిటో ఆవిడకి అప్పుడు తెలిసిందో, ఎప్పుడో తెలిసి ఇన్నేళ్లూ దాచుకుందో నేను చెప్పలేను. కళ్లలోంచి నీళ్లు తట్టలోకే కారుతున్నాయి.

గౌరమ్మ ఆకు కొంచెం ముందుకి జరిపింది.

"ఎట్టు పిన్నీ. నువ్వెంతెడితే అంత తింతాను."

సూరమ్మ పెట్టింది. ఒకటి, ఇంకొకటి. గౌరమ్మ రెండూ తింది. మజ్జిగ తాగింది. ఆకులో మెతుకు మిగల్లేదు. మడిచి, మోకాలి మీద చెయ్యి వేసి మెల్లిగా లేచి, సూరమ్మ ఎదురుగా నిలబడింది.

"పిలిసినోలింట్లో ఇలగ తినాల పిన్నీ" అంది. అని, చెయ్యి కడుక్కోడానికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆ బంతిలో ఎవరూ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టలేదు.